రోజుకో కన్ను

సికింద్రాబాద్‌లో నా ఈడు వాళ్ళెవరిని కదిపినా పోలీస్ యాక్షన్ సంగతి కళ్ళకు కట్టినట్టు చెబుతారు. నిజాం రాజ్యంలోకి ఇండియా సైన్యం ఏ రోడ్డున వచ్చిందో, సిపాయిల మెళ్ళో ఎవరు దండలు వేశారో, ఏ డాబా మీద ఏ జెండా ఎగిరిందో అన్నీ చూశామంటారు. అందరూ అన్నీ ఎలా చూశారో నాకు అంతుపట్టదు. ఒక్కొక్కరూ ఒకే పొద్దున ఊళ్ళో నాలుగు చోట్ల నిలబడి ఉండాలి. నన్ను అడిగితే మాత్రం, తిరుమలగిరి రోడ్డు పక్కనే నిలబడ్డాను గానీ ఏమీ చూడలేదని చెబుతాను. వేళాకోళం అనుకుని నవ్వుతారు. లారీలు నా ముందు నుంచే వెళ్ళాయి. నాకు కనబడింది తెల్లటి పొగ, ఆ పొగలో ఎండ తగిలిన చోటల్లా రంగురంగుల సున్నాలు.

ఆ పొగ రోడ్డు మీద లేదు, నా కళ్ళలో ఉంది. అది ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి. నిదానంగా చెప్పడం నాకు చేతకాదు. చిన్నప్పటి నుంచీ కాలు ఒకచోట నిలవని పిల్లనని పేరు. మా అమ్మ గుంటూరు వైపు నుంచి మిషన్ బడిలో చదువు చెప్పడానికి వచ్చి ఇక్కడే స్థిరపడింది. నాన్న నాకు ఊహ తెలియకముందే పోయాడు. తిరుమలగిరి బజారు వెనక వరస ఇళ్ళలో ఒకదాంట్లో అమ్మా నేనూ ఉండేవాళ్ళం. అమ్మ నన్ను ఎక్కడ కూర్చోబెట్టినా నేను అక్కడ ఉండేదాన్ని కాదు.

హైస్కూలు ముగిసే రోజుల్లో నా చూపు చెడింది. ఒక దీపం ఏడు దీపాలై, ఒక్కోదానికీ తోక మొలిచేది. పుస్తకంలో ప్రతి అక్షరానికీ వెనక ఇంకో అక్షరం నిలబడేది. కళ్ళజోళ్ళు మార్చాం, పథ్యాలు చేశాం, లాభం లేకపోయింది. అప్పట్లో అమ్మ బడి వదిలి కంటోన్మెంట్‌లో దొరసానులకు తెలుగు నేర్పేది. వాళ్ళలో ఒకావిడ భర్త సైన్యంలో కంటి డాక్టరు. ఆయన నన్ను కిటికీ దగ్గర నిలబెట్టి పక్క నుంచి చూసి, నల్లగుడ్డు మీది అద్దంలాంటి పొర పలచబడి మామిడికాయ ముక్కులా ముందుకు పొడుచుకొచ్చిందన్నాడు. దీనికి కళ్ళజోడు పనికిరాదు, కంటిలోనే పెట్టుకునే అద్దం కావాలన్నాడు. యుద్ధంలో దెబ్బలు తిన్న విమానాల వాళ్ళకు అలాంటివి అమర్చడం నేర్చుకున్నాడట.

నా కంటికి అచ్చు తీశారు. మందు చుక్కలు వేసి, తెరిచిన కంటి మీద చల్లటి ముద్ద పోసి, గట్టిపడేదాకా ఉంచారు. నేను ఎక్కడ లేచి పరుగెడతానో అని అమ్మ నా రెండు కాళ్ళూ పట్టుకుంది. ఆ అచ్చులు ఓడెక్కి ఇంగ్లండు వెళ్ళాయి, చాలా నెలలకు వాటి బదులు రెండు చిన్న డబ్బాలు వచ్చాయి. డబ్బాల్లో ఉన్నవి అర్ధరూపాయి బిళ్ళంత పలచని గిన్నెలు. గాజనుకున్నాం. కాదు, యుద్ధ విమానాల కిటికీలకు వాడే ప్లాస్టిక్ అన్నాడు డాక్టరు. వాటిని మేము చిప్పలు అనేవాళ్ళం. ఇప్పుడు వాటిని స్క్లీరల్ లెన్స్ అంటున్నారు. చిప్ప అంచు తెల్లగుడ్డు మీద ఆనుతుంది, నల్లగుడ్డును తాకకుండా దాని మీద గొడుగు పడుతుంది. మధ్యలో సందు నిండా నీళ్ళు ఉండాలి. కాచి చల్లార్చిన నీళ్ళలో చిటికెడు ఉప్పు, చిటికెడు వంటసోడా. చిప్ప నిండా ఆ నీళ్ళు పోసి, నేలకేసి మొహం వంచి, రెప్ప ఎత్తి, కింద నుంచి పైకి అదమాలి. లోపల గాలి బుడగ చిక్కితే తీసి మళ్ళీ మొదలు పెట్టాలి.

మొదటి రోజు తల ఎత్తగానే అమ్మ మొహం కనబడింది. ఒకటే మొహం. ఎడమ బుగ్గ మీద చిన్న పుట్టుమచ్చ. అది ఉందన్న సంగతే మరిచిపోయాను. నాకు ఏడుపు వచ్చింది. ఏడవకు, చిప్పలు జారిపోతాయి అంది అమ్మ.

డాక్టరు చెప్పిన జాగ్రత్తలు తక్కువే. ఒక పూటకు మించి ఉంచుకోవద్దు, వాటితో నిద్రపోవద్దు, పొగ కమ్మితే వెంటనే తీసెయ్యాలి. పొగ ఎందుకు కమ్ముతుందని అడిగింది అమ్మ. మాకూ తెలీదన్నాడాయన. ఉప్పు ఎక్కువైందని కొందరు, సోడా తక్కువైందని కొందరు అంటారట. తెలీదని ఒప్పుకున్నాడు కాబట్టి ఆయన మీద నాకు గౌరవం ఉండేది. మరుసటి ఏడు తెల్లవాళ్ళంతా సామాన్లు కట్టుకుని వెళ్ళిపోయారు, ఆయనా వెళ్ళిపోయాడు. చిప్పలూ నేనూ మిగిలాం.

దొరసానులతో పాటే అమ్మ పనీ పోయింది. అప్పటికి నేను టీచర్ ట్రైనింగు ముగించి ఒక మిషన్ బడిలో చేరాను. ఆ ఇంటికి ఇక నా జీతమే ఆధారం. ఆ జీతానికి చిప్పలు ఆధారం. చిప్పలు లేకపోతే నల్లబల్ల మీద నేను రాసిందే నాకు కనబడదు. బడేమో ఒక పూటతో అయ్యేది కాదు. మధ్యాహ్నం అన్నం గంటలో సామాన్ల గదిలోకి వెళ్ళి చిప్పలు తీసి, కళ్ళు కాస్త కడుక్కుని, మళ్ళీ పెట్టుకునేదాన్ని. అయినా సాయంత్రానికి పొగ వచ్చేది. ఎప్పుడొస్తుందో తెలీదు. అందుకే మాటిమాటికీ వరండాలోకి వెళ్ళి ఇత్తడి బడిగంట అంచున ఎండ మెరిసే చోటు చూసేదాన్ని. మెరుపు చుట్టూ రంగు కనబడిందంటే పొగ బయల్దేరిందన్నమాట. కొత్త టీచరమ్మకు ఇంటికి పోయే తొందర ఎక్కువని పిల్లలు అనుకునేవారు.

మా పక్కింట్లో ఒక ముస్లిం పిన్ని ఉండేది, గల్లీ అంతా ఖాలా అనేవాళ్ళం. ఆమె భర్త బారక్‌లలో సైనికుల బట్టలు కుట్టే దర్జీ. ఖాలాకు పిల్లలు లేరు కాబట్టి గల్లీలోని పిల్లలందరూ తనవాళ్ళే, గల్లీ కబుర్లన్నీ తనవే. చిప్పలు వచ్చిన కొత్తలో ఒకరోజు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వచ్చింది.

"టీచరమ్మా, మీ బిడ్డ పొద్దున కండ్లు తీసి గిన్నెల కడుక్కొని మళ్ల పెట్టుకుంటదంట గదా? గల్లీ అంత గదే ముచ్చట."

"కళ్ళు కాదమ్మా, అద్దాలు" అంది అమ్మ.

"ఏమో, పోరగాండ్లు కండ్లే అంటున్నరు. జెర నాకు సుత సూపియ్యిరాదు?"

చూపించాను. ఖాలా చేత్తో తాకలేదు. దూరం నుంచే దిష్టి తీసి మెటికలు విరిచి వెళ్ళిపోయింది. ఆ తర్వాత చాలా రోజులు మా కిటికీ చువ్వల దగ్గర పొద్దున్నే నాలుగు బుర్రలు కనబడేవి. చిప్ప పెట్టుకోవడానికి నేను నేలకేసి వంగినప్పుడల్లా బయట ఊపిరి బిగబట్టిన చప్పుడు వినబడేది.

ఇక పొగకు మా అమ్మ దగ్గర ఒక వైద్యం ఉండేది. మా క్రైస్తవుల ఇళ్ళలో ఏ కష్టం వచ్చినా మొదట చేసేది ప్రార్థన. ప్రార్థన అంటే కళ్ళు గట్టిగా మూసుకోవాలి, రెప్ప కదిలినా తప్పే. కళ్ళు తెరిచి ప్రార్థన చేసే మనిషిని మా సంఘంలో నేను చూడలేదు. చూడ్డానికి నేనూ కళ్ళు తెరవలేదు కదా. సాయంత్రం బడి నుంచి పొగతో ఇంటికి రాగానే, చిప్పలు ఇంకా తీయకముందే అమ్మ నన్ను పీట మీద కూర్చోబెట్టేది. ముందు ప్రార్థన, తర్వాతే తక్కినవి. కళ్ళు మూసుకోమనేది. మూసిన రెప్పల మీద తన అరచేయి ఆనించి, నాకు చూపు నిలపమని ప్రభువును అడిగేది. కళ్ళకు అలసట కూడా తీరుతుంది అనేది. అమ్మ చేయి చల్లగా ఉండేది. కానీ కాసేపటికే కళ్ళు మండేవి, నేను అటూ ఇటూ కదిలేదాన్ని.

"కదలకు. ఒక్క ప్రార్థన అయ్యేదాకా కుదురుగా ఉండలేవా?"

"మండుతున్నాయమ్మా."

"మండనీ. ఆయన పని చేస్తుంటే ఓర్చుకోవాలి."

చేయి తీసేసరికి పొగ ఇంకా చిక్కబడేది. అమ్మ నిట్టూర్చేది. నా మీద కోప్పడేది కాదు, అదే నాకు కష్టం. విశ్వాసం నిలకడ మీద ఉండాలి, నీకేమో నిలకడ లేదు తల్లీ అనేది. ఆ మాట నేను నమ్మాను. ప్రతి సాయంత్రం పొగ పెరిగినప్పుడల్లా నాలో ఏదో లోపం ఉందని రుజువైనట్టే ఉండేది. అమ్మ మీద కోపం వచ్చేది, ప్రార్థనలో తల్లి మీద కోపం తెచ్చుకున్నానే అని భయం వేసేది, ఆ భయానికి ఇంకా కదిలేదాన్ని.

పోలీస్ యాక్షన్ వారం వచ్చింది. బజారు మూసేశారు. ఎవరింట్లో రేడియో మోగినా గోడకు చెవులు ఆనించి వినేవాళ్ళం. రజాకార్లు ఇళ్ళల్లో చొరబడతారని ఒకరు, బాంబులు పడతాయని ఒకరు, అల్వాల్ దాకా సైన్యం వచ్చేసిందని ఇంకొకరు. ఖాలా భర్త నేరేడ్‌మెట్‌లో తమ్ముడింటికి వెళ్ళి అక్కడే చిక్కుకుపోయాడు. ఒంటరిగా ఉండలేక ఖాలా మా ఇంటికి వచ్చేసింది. నగలు తేలేదు, బట్టలు తేలేదు. కుట్టుమిషన్ తలకాయ ఊడదీసి, దుప్పట్లో చుట్టి, చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని వచ్చింది.

"ఇది ఉంటే మేం బతుకుతం, టీచరమ్మా. ఇది పోతే ఆయన నన్ను సంపుతడు, రజాకార్లు గాదు" అంది. ఆ పరేషాన్‌లో కూడా మేము ముగ్గురం నవ్వాం.

ఆ వారం నేను చిప్పలు తీయడం మానేశాను. పొద్దున పెట్టుకుంటే పడుకోబోయేదాకా ఉంచేసేదాన్ని. కారణం ఒకటే. ఇంట్లోంచి పరుగెత్తాల్సి వస్తే చిప్పలు లేని నేను గడప కూడా దాటలేను. పెట్టుకోవడానికి నీళ్ళు కావాలి, వంగాలి, చేయి వణక్కూడదు. తలుపు విరిగే వేళకు అవన్నీ ఎక్కడ కుదురుతాయి? పైగా వరసలోని ఆడవాళ్ళంతా మా ఇంట్లో చేరి గొలుసు ప్రార్థన పెట్టారు. ఒకరు ఆమెన్ అనగానే పక్కావిడ అందుకోవాలి, పొద్దంతా తెగకుండా సాగాలి. అందరికీ కళ్ళు మూత. నేనూ మూసుకుని కూర్చునేదాన్ని, చిప్పల మీదే. మధ్యమధ్య ఓరగా తెరిస్తే ఎదురుగా ఖాలా ఒక్కతే మిషన్ తలకాయ ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు తెరుచుకుని మమ్మల్నందరినీ చూస్తూ ఉండేది.

సైన్యం వచ్చిన పొద్దున బారక్‌ల వైపు లారీలు వెళుతున్నాయని కేక వినబడింది. గల్లీ అంతా రోడ్డు మీదికి పరుగెత్తింది. ఖాలా రాలేదు. అమ్మ నా చేయి పట్టుకుని లాక్కెళ్ళింది. అప్పటికే నాకు ఎదుటి మనిషి నీడలా ఉన్నాడు.

"చూశావా, ఆ సర్దార్జీ చేయి ఊపుతున్నాడు" అంది అమ్మ.

"చూశాను."

"మన వెనకింటి ఆవిడే దండ వేస్తోంది, చూడు!"

"కనబడుతోందమ్మా, నాకూ కళ్ళున్నాయి" అని కసిరాను. రంగు సున్నాలు తప్ప నాకేమీ కనబడలేదు. ఊరంతా ఆనందమో భయమో తెలీని హడావిడిలో ఉంటే, నేను అమ్మ కొంగు పట్టుకుని, ఎప్పుడు ఇంటికి పోతామా అని కాలు మార్చి కాలు మార్చి నిలబడ్డాను.

ఇంటికి రాగానే అమ్మ అందరినీ కూర్చోబెట్టి స్తుతి ప్రార్థన మొదలుపెట్టింది. ఆ రోజు చెప్పుకోవాల్సిన కృతజ్ఞతలు చాలా ఉన్నాయి. నా కళ్ళ మీద చేయి పెట్టి, రాజ్యం కోసం, ఊరి కోసం, ఖాలా భర్త కోసం, చివరికి నా చూపు కోసం అడిగింది. చేయి తీసి కళ్ళు తెరవమంది. తెరిచాను. తెల్లగా ఉంది. కిటికీ ఎటుందో తెలీలేదు. చిప్పను అంటించి లాగే రబ్బరు పుల్లతో ఊడబెరుకుతుంటే కారం చల్లినట్టు మంట. ఖాలా కేక పెట్టింది.

"యా అల్లా! టీచరమ్మా, బిడ్డ కండ్లు నెత్తురు ముద్దలు అయినయ్!"

ఆ రోజూ మర్నాడూ నేను చీకటి మూలలో గోడకు తిరిగి పడుకున్నాను. కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారాయి. ఇక ఉద్యోగం లేదు, అమ్మకు అన్నం లేదు అనుకుంటూ దొర్లాను. అమ్మ పక్కనే కూర్చుని, గొలుసు ప్రార్థనలో నువ్వు చాలాసార్లు కళ్ళు తెరిచావు కదూ అని మెల్లగా అడిగింది. అవునన్నాను. అదీ సంగతి అంది.

ఖాలా ఊరుకోలేదు. "గదేంది టీచరమ్మా? మేం నమాజు కండ్లు తెరిచే సదువుతం. మరి మాది దేవునికి కబూల్ కాదా?"

"కళ్ళు తెరిస్తే మనసు నిలుస్తుందా?" అంది అమ్మ కొంచెం కటువుగా.

"నేల దిక్కు సూస్తం. నిలుస్తది."

మూడో పొద్దుకు నా చూపు మెల్లగా తేరుకుంది. ఖాలా భర్త క్షేమంగా వచ్చాడు. వచ్చిన సైన్యానికీ గుండీలు ఊడతాయి, లాగులు చిరుగుతాయి కాబట్టి మిషన్ తలకాయ మళ్ళీ తన బల్ల ఎక్కింది. బడులు తెరిచారు. నేను మళ్ళీ గంట అంచు చూస్తూ పాఠాలు చెప్పాను.

హైదరాబాద్ రాష్ట్రం అన్న పేరు నిలిచిన ఆ కొన్నేళ్ళూ నాకు అలాగే గడిచాయి. పొగ ఏటేటా కొంచెం ముందే రావడం మొదలుపెట్టింది. మొదట్లో సాయంత్రం వచ్చేది, తర్వాత అన్నం గంటకే వచ్చేది. అద్దంలో చూసుకుంటే నల్లగుడ్డు అంచు చుట్టూ ఎర్రటి సన్న దారాలు కనబడేవి. నిద్ర చాలలేదని సర్దిచెప్పుకునేదాన్ని. అమ్మ చేయి, అమ్మ ప్రార్థన, నా కదలిక, అమ్మ నిట్టూర్పు ఏ సాయంత్రమూ తప్పలేదు. పిల్లల నోటుబుక్కులు ముక్కుకు ఆనించి దిద్దుతుంటే బడి పెద్దావిడ రెండుసార్లు వచ్చి వెనక నిలబడింది. ఇంకెన్నాళ్ళు ఉంచుతారో అనుకునేదాన్ని.

చివరికి విలాయత్‌లో చదువుకుని వచ్చిన ఒక కంటి డాక్టరు ఊళ్ళో ఉన్నాడని తెలిసి, అమ్మా నేనూ రిక్షాలో వెళ్ళాం. హైదరాబాదీ మనిషి, నోరు మంచిది. నా చిప్పలు తీయించి బల్ల మీద పెట్టి, చాలాసేపు కళ్ళలోకి దీపం వేసి చూశాడు.

"నల్లగుడ్డు మీది పొరల రక్తం ఉండదమ్మా. అద్దం లెక్క సాఫ్ ఉండాలె గదా, అందుకని. మరి దానికి గాలి ఎక్కడికెల్లి రావాలె? బయటికెల్లే రావాలె. మీరేమో దాని మీద మూత పెట్టిండ్రు. గాలి అందకుంటే అది ఉబ్బుతది. ఉబ్బితేనే మీకు పొగ."

"ఉప్పు తేడా కాదా?" అన్నాను.

"నిన్నమొన్నటి దాంక అందరు అదే అనుకున్నరు. ఇప్పుడిప్పుడే తెలుస్తున్నది. సూడుండ్రి, ఏండ్ల తరబడి గాలి లేకుండ పెడితే, చుట్టుపక్కల నుంచి రక్తనాళాలు లోపలికి పాకుతయ్. మీకు షురూ అయినయ్. వచ్చినయి వాపస్ పోవు. నడిమికి చేరితే మచ్చ పడ్తది, ఇగ చూపు ఖతం."

ఆయన ఏదో గుర్తొచ్చినట్టు అడిగాడు.

"ఇవి పెట్టుకొని పండుకుంటరా?"

"లేదండీ."

"ఊకె కండ్లు మూసుకొని కూసునుడు గిట్ల?"

"లేదు" అన్నాను. ఎందుకలా అన్నానో ఆలోచించలేదు, నోటి నుంచి వచ్చేసింది.

"మూసుకుంటుంది" అంది అమ్మ. "రోజూ. నేనే మూయిస్తాను. మూసి, పైన చేయి పెడతాను."

"అరె, గా పని అస్సలు చెయ్యొద్దమ్మా" అన్నాడు డాక్టరు, పాపం ఆయనకేమీ తెలీదు. "రెప్ప తెరిచి ఉంటే అంచుల నుంచి జెరంత గాలన్న పోతది. మూస్తే అది సుత బంద్."

నా మొదటి ఆలోచన అమ్మ గురించి కాదు. విశ్వాసం కాదు, నాకు తక్కువైంది గాలి! ఇన్నేళ్ళూ నేను పీట మీద కదిలింది భక్తి లేక కాదు, నా కన్ను ఊపిరాడక కొట్టుకుంటే కదిలాను. లేచి గెంతాలనిపించింది. గెంతబోతూ అమ్మ వైపు తిరిగాను. చిప్పలు బల్ల మీద ఉన్నాయి. అమ్మ ఉండాల్సిన చోట మూడు మసక మొహాలు ఉన్నాయి. ఏ మొహంలోనూ ఏముందో నాకు కనబడలేదు.

చిప్పలు పూర్తిగా మానేస్తే మంచిదన్నాడు డాక్టరు. మానేస్తే తినేదెలా అన్నాను. ఆయన ఒక దారి చెప్పాడు. చిప్పకు గాలి ఆడేలా సన్న రంధ్రం వేయిస్తానన్నాడు. రెండు కళ్ళకూ ఒకేసారి వద్దన్నాడు. ఇవాళ కుడి కన్ను, రేపు ఎడమ కన్ను. ఒకటి పనిచేస్తుంటే ఒకటి గాలి తాగుతుంది.

రిక్షాలో అమ్మ ఎప్పుడూ నా మోకాలి మీద ఉండే చేతిని కొంగులో దాచుకుంది. ఇంటికి వచ్చాక ఆ సాయంత్రం పీట వేయలేదు. మర్నాడూ వేయలేదు. కాలు నిలవని పిల్లనని నన్నన్న మనిషి ఇప్పుడు తనే ఇంట్లో ఒకచోట నిలవలేదు. కాచిన నీళ్ళే మళ్ళీ కాచేది, తుడిచిన గిన్నెలే తుడిచేది, గడప దాకా వెళ్ళి తిరిగి వచ్చేది. నీ తప్పేముందమ్మా, డాక్టర్లకే తెలీదు కదా అన్నాను. నాకు తెలీదు, నీ కళ్ళకు తెలుసుగా, మండుతున్నాయని చెబుతూనే ఉన్నావుగా అంది. రాత్రి అన్నం కలుపుతూ చేతిని అలా చూసుకుంటూ ఉండిపోయేది. నాకు కోపమంతా పోయి జాలి మిగిలింది. జాలిని ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు.

ఒకరోజు ఖాలా గోడ మీద నుంచి నన్ను పిలిచింది.

"బిడ్డా, మీ అమ్మకు ఏమైంది? పొద్దుగాల వచ్చి, కండ్లు తెరిచి సదివితే మనసెట్ల నిలుస్తది, జెర మంచిగ చెప్పు అని అడిగింది. ముందుగాల ఎవర్ని సూస్తరు, ఏడ సూస్తరు, అంత అడిగింది."

"నువ్వేం చెప్పావు?"

"అలవాటు అయితదమ్మా అని చెప్పిన. ఇంకేం చెప్పాలె?"

ఆ సాయంత్రం అమ్మ పీట వేసింది. ఎదురుగా తను కూర్చుంది. అలవాటు కొద్దీ నేను కళ్ళు మూసుకోబోయాను. "తెరిచే ఉంచు" అంది. తనూ మూసుకోలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని, నా కళ్ళలోకి సూటిగా చూస్తూ ప్రార్థన చేసింది. మాటలు మధ్యలో తడబడ్డాయి. పుట్టి బుద్ధెరిగాక కళ్ళు తెరిచి దేవుడితో మాట్లాడ్డం ఆమెకు అదే మొదలు. నేను ఆ రోజు కదల్లేదు.

చర్చిలో కూడా అమ్మ అలాగే చేయడం మొదలుపెట్టింది. అందరి తలలూ వంగి ఉంటే మా ఇద్దరి తలలే ఎత్తుగా ఉండేవి. సంఘ పెద్ద ఒకాయన ఇంటికి వచ్చి, టీచరమ్మా, పిల్లలు చూసి నేర్చుకుంటారు అని నసిగాడు. అమ్మ ఆయనకు టీ ఇచ్చి కూర్చోబెట్టింది.

"కళ్ళు మూసుకుని చాలా ఏళ్ళు అడిగానండీ. నా పిల్ల ఎదురుగా అల్లాడుతుంటే చూడలేదు. ఇక నుంచి చూస్తూ అడుగుతాను" అంది.

ఆయన టీ తాగి వెళ్ళిపోయాడు. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

అలా నా బతుకు రోజుకో కన్నుగా సాగింది. ఒంటి కన్నుతో దూరం తెలిసేది కాదు. టీ కప్పులో పోయబోయి పక్కన పోసేదాన్ని, మెట్టు ఉందనుకుని గాల్లో కాలేసేదాన్ని. బడిలో పిల్లలు నాకంటే ముందే కనిపెట్టి, చిప్ప లేని కంటి వైపు చేరి అల్లరి చేసేవారు. బడి వాళ్ళను బతిమాలి మధ్యాహ్నం పాఠాలు వదిలించుకుని ఒక్క పూటకే కుదుర్చుకున్నాను. జీతం తగ్గింది, ఉద్యోగం నిలిచింది. పొద్దున్నే నీళ్ళు కాచి తెస్తూ అమ్మ అడిగేది, "ఇవాళ ఏ కన్ను?" కుడి అనో ఎడమ అనో చెబితే, గుర్తుగా అటు వైపు వచ్చి కూర్చునేది.

నా కుడి కంట్లో ఆ దారాలు చివరికి నడిమికి చేరాయి. మచ్చ పడింది, అయితే చాలా ఏళ్ళు ఆలస్యంగా పడింది. ఎడమ కన్నుతోనే ఇది రాస్తున్నాను. ఇప్పుడు వస్తున్న చిప్పలు గాలిని లోపలికి రానిస్తాయట. కంటి ఆసుపత్రికి వెళితే కుర్ర డాక్టర్లు వంతులు వేసుకుని నా కళ్ళలోకి దీపం వేసి చూస్తారు. పాత కాలం చిప్పల పని ఇలా ఉంటుందని ఒకరికొకరు చూపించుకుంటారు. చూడండి నాయనా అంటాను, కానీ తొందరగా కానివ్వండి. ఇంతసేపు కుర్చీలో కూర్చోవడం నా వల్ల కాదు.

డాక్టరు మాట నేను దాటింది ఒక్కరోజే. అప్పటికి అమ్మ మంచం పట్టి చాలా రోజులైంది. ఖాలా కూడా ముసలిదై, కర్ర ఊతంతో వచ్చి మంచం పక్కన కూర్చునేది. ఆ పొద్దున అమ్మ ఊపిరి వేరుగా ఉంది. నీళ్ళు నేనే కాచుకున్నాను. వంగి చిప్ప పెట్టుకుని తల ఎత్తేసరికి అమ్మ నన్నే చూస్తోంది.

"ఇవాళ ఏ కన్ను?" అంది. పెదాలే కదిలాయి.

"రెండూ" అన్నాను.

"వద్దే. పొగ వస్తుంది."

"రానీ."

చాలా ఏళ్ళ తర్వాత రెండు కళ్ళతో చూస్తే అమ్మ మొహం ఎంత దగ్గరగా ఉందో తెలిసింది. బుగ్గ మీద పుట్టుమచ్చ తెల్లబడింది. ఇద్దరం కళ్ళు తెరుచుకుని ఒకరినొకరు చూసుకుంటూ ప్రార్థన చేసుకున్నాం, బయటికి మాటలేమీ లేవు. ఎండ ఎక్కకముందే ఆమె వెళ్ళిపోయింది. రెప్పలు మూయడానికి సంఘం ఆడవాళ్ళలో ఒకావిడ చేయి చాచింది. ఖాలా ఆ చేయి పట్టుకుని ఆపి, "బిడ్డను సూడనియ్యి" అంది.

మధ్యాహ్నానికి పొగ వచ్చింది. కిటికీ చుట్టూ రంగులు వచ్చాయి, కొవ్వొత్తి చుట్టూ వచ్చాయి, అమ్మ మొహం చుట్టూ వచ్చాయి. కళ్ళు మండాయి. చిప్పలు తీసెయ్యమని ఎవరో రెండుసార్లు చెప్పారు. నేను కదల్లేదు. సాయంత్రం పెట్టెకు మూత వేసేదాకా అలాగే చూస్తూ కూర్చున్నాను.